చూడకుండా పెట్టిన చుక్క

రమణన్నా,

నేను, వెంకటేశుని. నువ్వు పోయి పద్నాలుగు నెలలైంది. రెండు నెలల కిందట నీ సంవత్సరీకం నాడు జువ్వలదిన్నెలో మీ ఇంట్లోనే భోంచేశాను. విస్తరి ముందు కూర్చున్నాను కానీ గోడమీద నీ ఫోటో వైపు తల ఎత్తలేకపోయాను. వదిన వడ్డిస్తూ, ఏం వెంకటేశూ ముద్ద దిగడం లేదా అని అడిగింది. పంటినొప్పి అన్నాను.

నాకు పంటినొప్పి లేదన్నా. నువ్వు పోయిన దగ్గర్నుంచీ నేను చెప్పిన అబద్ధాల్లో అది చాలా చిన్నది.

ఇన్నాళ్ళూ నీకు ఉత్తరం రాయకపోవడానికి కారణం తీరిక లేక కాదు. రాస్తే నిజం రాయాలి. నీకు అబద్ధం చెప్పడం ఒకసారితోనే సరిపోయింది.

ముందు ఇంటి సంగతులు చెబుతాను. వదిన కుట్టుమిషను మళ్ళీ తీసింది. నీ బిడ్డ శ్రావణి కావలిలో డిగ్రీ రెండో ఏడు. నేను ఇంకా ముత్తుకూరు థర్మల్ చిమ్నీల మీదే, అదే తాడు, అదే రంగు డబ్బా. మనం ఉన్న గదిలో నీ మంచం దగ్గర ఇప్పుడు ఒక ఒరిస్సా ఆయన ఉంటున్నాడు. మంచివాడే. కానీ పని మీదకు పోయే ముందు నా నడుం బెల్టు వాడు చూడడు, వాడిది నేను చూడను. మన ఇద్దరి మధ్య ఉన్న ఆ పద్ధతి నీతోనే పోయింది... లేదు, నేనే పోగొట్టాను.

నువ్వు పడవల మీద పెరిగినవాడివి. లంగరు తాడు ముడి ఒకరు వేస్తే ఇంకొకరు చేత్తో ముట్టి చూడాలని మీ నాయన నేర్పాడని చెప్పేవాడివి. చిమ్నీ మీదకు వచ్చినా అదే పట్టుకున్నావు. "ముడేసేది ఒకడు, ముట్టేది ఇంకొకడు. ఏసినోడి కళ్ళకి తన తప్పు కనపడదు అబ్బయా" అనేవాడివి. చూసినవాడు చూసిన గుర్తుగా చుక్క పెట్టాలి. ఆ చుక్కకు వదిన గోళ్ళరంగు సీసా ఒకటి కొట్టేశావు. ఎర్రది. చిమ్నీ మీద మనవాళ్ళందరూ ఎంత నవ్వారు... నువ్వు పట్టించుకున్నావా? "పెయింటు ఎండకి పెచ్చులూడతాది. ఇది మా ఇంటిదాని వేలిమీద గిన్నెలు తోమినా పోలా" అన్నావు.

ఆ సీసా ఇప్పుడు నా ఎదురుగానే ఉంది.

ఉదయగిరి దాటాక వెలికొండల్లో నువ్వు ఆ నెర్రెను చూపించిన రోజు గుర్తుందా? బండి దిగి రెండు గంటల నడక. చిల్లచెట్ల మధ్యలోంచి తల ఎత్తితే, మూడు కొబ్బరిచెట్ల ఎత్తు రాయి ముందుకు వాలి, మన నెత్తిమీదకు వంగినట్టు నిలబడి ఉంది. దాని నట్టనడుమ కింద నుంచి పైదాకా ఒకటే నెర్రె. ఒకచోట వేళ్ళు పడతాయి, ఒకచోట పిడికిలి, పైన భుజం కూడా. వాన పడితే ఆ రాయి కింద చుక్క తడి ఉండదని మేకలు కాసే పెద్దాయన చెప్పాడు. నువ్వు సముద్రాన్ని మొదటిసారి చూసినవాడిలా తల వెనక్కి వాల్చి చూశావు.

చెన్నై నుంచి వచ్చిన రాయి ఎక్కేవాళ్ళ దగ్గర నువ్వు నాలుగు శీతాకాలాలు నేర్చుకున్న విద్య అంతా ఆ నెర్రె కోసమే అనిపించింది నాకు. మనం రెండు శీతాకాలాలు దాని చుట్టూనే తిరిగాం. మొదటి ఏడాది ఎక్కనే లేదు. కొండ వెనకనుంచి తిరిగి పైకి పోయి, బండరాయికి తాడు కట్టి, అంచు మీదనుంచి దిగి, వదులుగా ఉన్న రాళ్ళు గడ్డపారతో రాల్చడంతోనే సరిపోయింది. నువ్వు పైన రాలుస్తుంటే నేను కింద మేకల దారిలో నిలబడి మనుషుల్ని ఆపేవాణ్ణి. వాలిన రాయి కదా, తాడు మీద దిగితే గాల్లో వేలాడతాం, గోడ చేతికి అందదు. ఊగి ఊగి నెర్రెలో క్యామ్ అనే ఇనుప పట్టు ఇరికించి దాన్ని పట్టుకుని దగ్గరకు లాక్కోవాలి. క్యామ్‌ని మొదటిసారి చూసినప్పుడు ఇది ఎండ్రకాయలాగా ఉందే అన్నాను. లాగేకొద్దీ కాళ్ళు విచ్చుకుని రాతిని పట్టుకుంటుంది, మనం వదిలించుకుంటే వదులుతుంది. ఆ రోజునుంచి మన సంచిలో దాని పేరు ఎండ్రకాయే.

నడిమధ్యలో తేనెపట్టు ఉంటే పొగపెడదామన్నాను. "వాటిల్లు అది. మనం అద్దెకుండేవాళ్ళం కూడా కాదు" అన్నావు. అవి లేచిపోయేదాకా మూడు నెలలు ఆగాం.

గోడ పొడుగునా బోల్టులు కొట్టేస్తే సులువు కదా అని కూడా నేనే అన్నాను. అప్పుడు నీకు కోపం వచ్చింది. నెర్రె చోటిస్తున్నప్పుడు రాతికి తూట్లు పొడవడం ఎందుకన్నావు. ఎక్కేవాళ్ళు ఎండ్రకాయలు ఇరికించుకుంటూ పోతారు, వెనకవాళ్ళు తీసుకుంటూ వస్తారు, పైన అంచు కింద మాత్రం రెండంటే రెండు బోల్టులు. తాడు వాటిలో దూర్చి కిందికి దిగడానికి. ఒకటి పోయినా ఒకటి ఉండాలి. హార్బరు దగ్గర కొట్లో దొరికే జింకు పూత ఇనుప బోల్టులు తెస్తే విసిరేశావు. "సముద్రం మన సంచిలోనే వస్తాదిరా. ఇది మూడేళ్ళకి పసుపు నీళ్ళు కక్కతాది. స్టెయిన్‌లెస్సే తే" అన్నావు.

ఇంత జాగ్రత్త నీది. ఇక నా సంగతికి వస్తాను.

ఆ ఆదివారం. ఎండ మాడుస్తోంది. మనిద్దరం అంచు కింద వేలాడుతున్నాం. మొదటి బోల్టు నాది. రంధ్రం తీశాను. నువ్వు వచ్చి సుత్తితో చుట్టూ కొట్టి విన్నావు. ఒకపక్క బోలుగా పలికింది. నెర్రె అంచుకు మరీ దగ్గరగా తీశానన్నావు. మళ్ళీ తీయించావు. రెండోసారి రంధ్రంలో దుమ్ము సరిగ్గా ఊదలేదని నాచేత బ్రష్షు పెట్టించి, మళ్ళీ ఊదించి, మళ్ళీ బ్రష్షు పెట్టించావు. నట్టు బిగించాక నువ్వు కూడా స్పానరు వేసి చూసి, అప్పుడు చుక్క పెట్టావు. గంటన్నర. నా తొడలు బెల్టులో తిమ్మిరెక్కిపోయాయి. లోపల ఉడికిపోతున్నాను. ఇరవై ఏళ్ళుగా తాళ్ళ మీద బతుకుతున్నవాణ్ణి, నన్ను బడిపిల్లాడిలా చేశాడే అనుకున్నాను.

రెండో బోల్టు నీది. నేను నీకు కొంచెం పైన, వెల్లకిలా వేలాడుతూ ఆకాశం చూస్తున్నాను. నీవైపు చూడలేదు. చూడకూడదని మొండికేశాను. డ్రిల్లు ఆగింది. సుత్తి మోత వినిపించింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు... నువ్వు అప్పుడు ఏం చేస్తున్నావన్నా? ఊపిరి తీసుకుంటున్నావా?

తర్వాత నువ్వు, అయింది, చూడు అని చెప్పి పైకి పోయావు. నేను దిగి ఆ బోల్టు పక్కకు వచ్చాను. స్పానరు నా నడుముకే వేలాడుతోంది. తీయలేదు. కోపం ఒకటి. ఇంకొకటి కూడా ఉంది, నిజం చెబుతున్నాను... నువ్వు బిగించిన నట్టు మీద నేను స్పానరు వేయడం ఏమిటి? పెద్దవాడివి. నా గురువువి. నీ పని సరిచూడటం నిన్ను అనుమానించినట్టే ఉంటుందనిపించింది. ఆ మర్యాద వెనకాల నా కోపం హాయిగా దాక్కుంది. సీసా మూత తీసి, నట్టు మీద చుక్క పెట్టి, తాడు పట్టుకుని పైకి వచ్చేశాను.

పైన బండమీద కూర్చుని ఎడమచెయ్యి పిసుక్కుంటున్నావు. ఏమైందన్నా అని అడిగితే గ్యాసు అన్నావు. అప్పుడు నీ ఎప్పటి మాట అడిగావు. "చేసినావా అని అడగనురా. చూసినావా అని అడుగుతా."

చూశానన్నా అన్నాను.

నువ్వు తల ఊపావు. వచ్చే ఆదివారం కింద నుంచి ఎక్కుదామన్నావు. ఆ ఆదివారం నీకు రాలేదు. బుధవారం పొద్దున ముత్తుకూరు గది ముందు పంపు దగ్గర ముఖం కడుక్కుంటూ కూర్చున్నవాడివి కూర్చున్నట్టే పక్కకు ఒరిగావు. ఆటోలో నెల్లూరు పోయేదాకా నీ తల నా ఒళ్ళోనే ఉంది. దారిలోనే అయిపోయిందని డాక్టరు అన్నాడు.

ఆ తర్వాత నేను ఆ కొండవైపు పోలేదు. అడిగినవాళ్ళకు తేనెటీగలు మళ్ళీ వచ్చాయని చెప్పాను. అడిగేవాళ్ళు పెద్దగా లేరు కూడా. కానీ శ్రావణి అడగడం మొదలుపెట్టింది. నీ బెల్టు, నీ బూట్లు బయటికి తీసింది. బూట్ల ముందు గుడ్డముక్కలు కుక్కి తొడుక్కుంది. అంతకుముందు నువ్వు నేర్పిన చిన్న బండల దగ్గరకు ఆదివారాలు నన్ను లాక్కుపోయేది. నీ పిడికిలే దానిది, నెర్రెలో దూర్చిందంటే రాయి పట్టుకున్నట్టే ఉంటుంది. సంవత్సరీకం అయ్యాక నాయన నెర్రె నేనే ముందు ఎక్కుతానంది. పైన ఆ రెండు బోల్టుల మీదే బరువు వేసి దిగుతానంది.

చిన్నాయనా, రెండిటినీ చూసినారు కదా అని అడిగింది.

చూశానమ్మా అన్నాను.

అదన్నా నా సిగ్గు. నీకు చెప్పింది మొండితనంతో చెప్పాను. దానికి మాత్రం తెలిసి తెలిసి చెప్పాను. ఆ రాత్రినుంచి నాకు ఎప్పుడు కళ్ళు మూసినా ఆ పిల్ల ఆ బోల్టుకు వేలాడుతున్నట్టే కనిపించేది. నీ పని తప్పు పోదు, రమణన్న బిగిస్తే బిగించినట్టే అని నాకు నేనే వందసార్లు చెప్పుకున్నాను. అంత నమ్మకం ఉంటే నిద్ర ఎందుకు పట్టలేదు?

చివరికి ఒక సెలవు పెట్టి ఒక్కణ్ణే పోయాను. పై బండకు తాడు కట్టి, రెండో తాడు వేరే బండకు కట్టి, దిగాను. నెర్రెలో రెండు ఎండ్రకాయలు ఇరికించుకుని నీ బోల్టు ముందు నిలదొక్కుకున్నాను. నా చుక్క ఎర్రగా అలాగే ఉంది. ఎండకు వానకు చెక్కు చెదరలేదు. దాని మీద వేలు పెట్టాను.

నట్టు వేలితో తిరిగింది.

స్పానరు కాదన్నా, వేలితో. బోల్టు తలకు స్పానరు కొస తగిలించి అటూ ఇటూ ఆడించి లాగితే మొత్తం బయటికి వచ్చేసింది. రంధ్రం లోపల దుమ్ము దుమ్ముగానే ఉంది. ఊదలేదు. బిగించలేదు. ముందుకు వాలిన రాయి అది, కిందికి వేలాడే బరువు బోల్టును బయటికి కూడా లాగుతుంది...

నేను ఆ బోల్టును చేతిలో పట్టుకుని చాలాసేపు ఊగుతూ ఉండిపోయాను. ఎందుకంటే నువ్వు దుమ్ము ఊదకుండా వదిలే మనిషివి కాదు. నట్టు వదులుగా వదిలే మనిషివి అంతకన్నా కాదు. అదే రోజు నాచేత మళ్ళీ మళ్ళీ ఊదించినవాడివి. అప్పుడు అర్థమైంది. నీకు ఊదడానికి ఊపిరి లేదు. స్పానరు లాగడానికి ఎడమచేతిలో సత్తువ లేదు. పక్కన వేలాడుతున్న నాకు, మొహం తిప్పుకుని ఆకాశం చూస్తున్న నాకు, నువ్వు చెప్పలేదు. లేకపోతే, చూడు అన్నది అందుకేనా? నేను బిగిస్తాననే వదిలిపోయావా?

ఆ రోజు నేను ఒక్కసారి స్పానరు వేసి ఉంటే నట్టు తిరిగేది. నట్టు తిరిగితే, అన్నకు ఏదో అయిందని నాకు తెలిసేది. ఆదివారం. బుధవారానికి ఇంకా మూడు రోజులున్నాయి. నెల్లూరు ఎంత దూరమన్నా?

దీనికి జవాబు నువ్వు ఇవ్వలేవు, నేను తెచ్చుకోలేను. ఇదీ నేను నీ ఫోటోవైపు చూడలేకపోవడానికి కారణం.

పాత రంధ్రాన్ని రాతిపొడి, జిగురు కలిపి మూసేశాను. ఒక జానెడు పక్కన, సుత్తితో నాలుగు వైపులా కొట్టి విని, కొత్త రంధ్రం తీశాను. ఊదాను, బ్రష్షు పెట్టాను, ఊదాను. నువ్వు నా వెనకాల ఉన్నట్టే చేశాను. బిగించాను. జేబులోంచి సీసా తీశాను. చుక్క పెట్టేస్తే అయిపోతుంది. ఎవరికీ తెలియదు. నీ పేరు కూడా నిలుస్తుంది, రమణన్న బోల్టు వేలితో ఊడిందన్న మాట ఎవరి చెవినా పడదు. ఎంత మంచి సాకు దొరికిందో చూడు నాకు, మళ్ళీ నీ మర్యాద చాటునే.

కానీ ముట్టేది ఇంకొకడు కదా. సీసా మూత తీయకుండానే జేబులో వేసుకున్నాను.

మరునాడు మీ ఇంటికి పోయి అరుగుమీద ఆ ఊడిన బోల్టు పెట్టాను. వదిన, శ్రావణి ఇద్దరూ ఉన్నారు. అంతా చెప్పాను. ఏదీ దాచలేదు. శ్రావణి బోల్టు తీసుకుని నట్టు వేలితో తిప్పింది. తిప్పుతూనే ఉంది. రెండోసారి నాకెందుకు అబద్ధం చెప్పినారని మాత్రం అడిగింది. లేచి లోపలికి పోయింది.

వదిన ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆ ఆదివారం పొద్దున బయల్దేరేటప్పుడు నువ్వు ఈ సీసా తెచ్చి మూత రావడం లేదు తీయమని అడిగావని చెప్పింది. పడవ తాళ్ళు లాగిన చేతికి గోళ్ళరంగు మూత రాలేదా అని నవ్విందట. తీసిచ్చి నవ్విందట. అంతే చెప్పి మిషను ముందుకు పోయి కూర్చుంది. మిషను కుట్టిన చప్పుడు మాత్రం రాలేదు.

ఆమెను నేను ఓదార్చలేదన్నా. నాకు ఆ యోగ్యత ఎక్కడుంది?

శ్రావణి పన్నెండు రోజులు మాట్లాడలేదు. ఫోను తీయలేదు. పదమూడో రోజు శనివారం, రేపు పొద్దున్నే బండి తెమ్మని ఒక ముక్క మెసేజి పెట్టింది.

నిన్న ఎక్కింది. నీ నెర్రె నీ కూతురు ఎక్కింది. నేను కింద తాడు పట్టుకున్నాను. నడుమ వేళ్ళు మాత్రమే పట్టే చోట రెండుసార్లు జారింది, రెండుసార్లూ ఎండ్రకాయ పట్టుకుంది. తిట్టుకుంటూ మళ్ళీ ఎక్కింది. ఆ తిట్లు నీవే. పైన అంచు కిందకు చేరాక బోల్టులకు తాడు తగిలించలేదు. ముందు నెర్రెలో మూడు ఎండ్రకాయలు ఇరికించి వాటికి వేలాడింది. స్పానరు తీసింది. నువ్వు చుక్క పెట్టిన నా పాత బోల్టు చూసింది. కొత్తది చూసింది. సుత్తితో చుట్టూ కొట్టి వింది. ఆ టకటక కిందికి వినిపిస్తుంటే నా మెడ నొప్పి పుట్టేదాకా చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపైనా పట్టనీ అనుకున్నాను. ఈసారి ఉడుక్కోలేదు.

తర్వాత, పొద్దున నా దగ్గర తీసుకున్న సీసా మూత తీసింది. కొత్తదాని మీద చుక్క పెట్టింది. ఇప్పుడు పైన రెండు చుక్కలున్నాయి, ఒకటి నీది, ఒకటి దానిది. రెండూ నేను కొట్టిన బోల్టుల మీదే.

ఎండ్రకాయలు వదిలించి, ఆ బోల్టుల మీదే బరువు వేసి దిగింది. కింద కాలు పెట్టాక సీసా నాకిచ్చింది. నవ్వలేదు. క్షమించిందని నేను అనుకోవడం లేదు. అడగను కూడా.

ఊడిన బోల్టు నా తాళాల గుత్తికి తగిలించుకున్నాను. నడిచినప్పుడల్లా నట్టు గలగలమంటుంది. వదులుగానే ఉంచాను. రేపటినుంచి పొద్దున పని ఎక్కే ముందు ఆ ఒరిస్సా ఆయన బెల్టు చూస్తాను, నాది అతనికి చూపిస్తాను. వాడి చెయ్యి ఎలా ఉందో, మొహం ఎలా ఉందో కూడా చూస్తాను. చూడనిది చూశానని ఇక ఈ నోటితో అనను. ఇది నీకిచ్చే మాట.

ఒక్క సంగతి మిగిలింది. నిన్న శ్రావణి ఎక్కడం మొదలుపెట్టే ముందు జరిగింది. నడుముకు తాడు ముడి వేసుకుంది. వేసుకుని నా ముందుకు వచ్చి నిలబడింది. మొహం కొండవైపే తిప్పుకుని ఉంది, నావైపు చూడలేదు. కానీ బెల్టు రెండు చేతులా ముందుకు పట్టుకుని, ముడి నాకు అందేలా చాచి, ఆగింది.

నేను వంగాను. ఒక్కో మెలికా వేలితో తడిమి చూశాను. అది ఆగే ఉంది. చూశానమ్మా అన్నాను.

ఈసారి చూశానన్నా.

నీ చేతికింద పని నేర్చుకున్న
వెంకటేశు